సగమే నమ్మమన్న ఓడదొంగ

ఓడ మీద ఎత్తయిన చోటు నుంచి ఒక మనిషి తాడు పట్టుకుని గాల్లోకి దూకుతాడు. వెనక నీలాకాశం, కింద అంతకన్నా ముదురు నీలంలో సముద్రం. అవతలి కొసన అలవోకగా కాలు మోపి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, నేరుగా కెమెరాలోకి చూస్తూ మనల్ని తన ఓడ ఎక్కమని పిలుస్తాడు. ప్రశ్నలు వేయొద్దంటాడు. కంటికి కనిపించిందే నమ్మమంటాడు. అంతలోనే మాట సవరించుకుని, కనిపించినదాంట్లో సగం నమ్మితే చాలంటాడు.

1952లో వచ్చిన వార్నర్ బ్రదర్స్ చిత్రం 'ది క్రిమ్సన్ పైరేట్' ఇలా మొదలవుతుంది. ఆ మనిషి బర్ట్ లాంకాస్టర్, పాత్ర పేరు కెప్టెన్ వాలో. మొదటిసారి చూసినప్పుడు ఆ పిలుపు సరదా మాటలా దాటిపోతుంది. మళ్ళీ మళ్ళీ చూసేకొద్దీ అదే ఈ సినిమాను తయారుచేసిన సూత్రమని నాకు గట్టిగా అనిపిస్తూ వచ్చింది. ఏ సగం నమ్మించాలో, ఏ సగాన్ని గాలికి వదిలేయాలో దీన్ని తీసినవాళ్ళకు బాగా తెలుసు. దీవి, రాజ్యం, తిరుగుబాటు, ఆయుధాలు అన్నీ కల్పనే. వాటిని నిజమనిపించాలని ఎవరూ పెద్దగా పాటుపడలేదు. కాని దూకిన మనిషి నిజంగా దూకాడు. అతన్ని అందుకున్న చెయ్యి నిజంగా అందుకుంది. ఈ నిజమే ఆ కల్పన బరువంతా మోస్తుంది. ఓడదొంగల హాస్యచిత్రాలు హాలీవుడ్‌లో ఇంకా ఉన్నాయి గాని, పనితనంలో దీని దరిదాపులకు వచ్చినది నాకు కనిపించలేదు.

కథ త్వరగా చెప్పేస్తాను. 18వ శతాబ్దం చివరి రోజులు, కరీబియన్ సముద్రం. కోబ్రా అనే దీవిలో రేగిన తిరుగుబాటును అణచడానికి బారన్ గ్రుడా వెళ్తున్న రాజుగారి నౌకను వాలో ముఠా పట్టుకుంటుంది. నౌకలోని తుపాకులను తిరుగుబాటుదారులకు అమ్మాలి, ఆ తర్వాత వాళ్ళ నాయకుడు ఎల్ లిబ్రేను పట్టి బారన్‌కు అమ్మాలి. వాలో పథకం ఇది. ఆ నాయకుడి కూతురు కాన్సువేలో ఎదురుపడేసరికి అతని మనసు మారుతుంది. మనసు మారిన కెప్టెన్ మీద సొంత మనుషులే తిరగబడతారు. చివరికి దొంగలూ ప్రజలూ ఒక్కటై బారన్‌ను చిత్తు చేస్తారు.

ఆ నౌకను పట్టుకునే తీరుతోనే పనితనం మొదలవుతుంది. దొంగల ఓడ నడిపేవాడు లేకుండా నీళ్ళ మీద తేలుతుంటుంది. దాని మీద ఎక్కడివాళ్ళక్కడ, రోగం వచ్చి చచ్చినట్టు పడి ఉంటారు. రాజుగారి నౌక దగ్గరికి వస్తుంది. పైనున్న అధికారులు ఆ శవాలను చూస్తారు, అనుమానం తీరి ఇంకా దగ్గరికి వస్తారు. దర్శకుడు ఇక్కడ తొందరపడడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ కదలనితనాన్ని తగినంతసేపు చూపిస్తాడు. గెంతులూ పల్టీలూ నేర్చినవాళ్ళకు కదలకుండా ఉండటం కూడా విద్యలో భాగమే. ఆ తర్వాత ఒక్కసారిగా శవాలు లేస్తాయి, తాళ్ళ మీద మనుషులు ఊగుతూ నౌక మీదికి వచ్చి పడతారు. ఇంత కదలికకు ముందు అంత నిశ్చలత పెట్టకపోయి ఉంటే ఇది మామూలు పోరాట దృశ్యమే అయ్యేది. నవ్వు పుట్టేది ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోంచే.

లాంకాస్టర్ 1913లో న్యూయార్క్‌లోని తూర్పు హార్లెంలో పుట్టాడు. బీదలు, వలసవచ్చినవాళ్ళు కిక్కిరిసి బతికే పేట అది. కుర్రతనంలోనే నిక్ క్రవాట్‌తో స్నేహం కుదిరింది. క్రవాట్ అతనికన్నా దాదాపు రెండేళ్ళు పెద్ద, ఎత్తులో మాత్రం అతని భుజం దాకా వస్తాడేమో. ఇద్దరూ కలిసి శారీరక విన్యాసాలు నేర్చుకుని 1930ల్లో 'లాంగ్ అండ్ క్రవాట్' అనే పేరుతో కే బ్రదర్స్ సర్కస్‌లో చేరారు. ఇనప బార్ల మీద విన్యాసాలు వాళ్ళ అంశం. 1939లో వేలికి దెబ్బ తగిలి లాంకాస్టర్ సర్కస్ మానేశాడు. యుద్ధం ముగిశాక నాటకాల్లోంచి సినిమాకు వచ్చి, 1946లో 'ది కిల్లర్స్'తో ఒక్క దెబ్బకు తార అయ్యాడు. ఆ సినిమా దర్శకుడు రాబర్ట్ సియోడ్మాక్. 'ది క్రిమ్సన్ పైరేట్' దర్శకుడూ ఆయనే.

తార అయినవాడు పాత జోడీని మరిచిపోలేదు. 1950లో వచ్చిన 'ది ఫ్లేమ్ అండ్ ది ఆరో'లో క్రవాట్‌ను పక్కన నిలబెట్టుకున్నాడు, రెండేళ్ళకు మళ్ళీ ఇందులో. రెండింటిలోనూ క్రవాట్‌ది మూగవాడి పాత్రే. కారణం చాలా మామూలుది. క్రవాట్ నోరు తెరిస్తే వచ్చేది అచ్చమైన న్యూయార్క్ వీధి యాస. మధ్యయుగపు ఇటలీలోనో పాతకాలపు కరీబియన్‌లోనో అది ఇమడదు. ఇంకొక నిర్మాత అయితే వేరే గొంతు అతికించేవాడు, లేదా వేరే నటుణ్ణి పెట్టుకునేవాడు. వీళ్ళు ఆ మాటే తీసేశారు. తీసేసిన చోట ఒక గొప్ప పాత్ర తయారైంది.

ఆ పాత్ర పేరు ఓహో. చేతులతో, కనుబొమ్మలతో, భుజాలతో, ఒళ్ళంతటితోనూ మాట్లాడతాడు. అతను ఏదో చెప్తాడు, వాలో దాన్ని చదివి జవాబిస్తాడు. వాలో జవాబును బట్టి ఓహో ఏమన్నాడో మనం గ్రహించాలి. ప్రేక్షకుడికి ఇక్కడ చిన్న పని దొరుకుతుంది, ఆ పనిలో సుఖం ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. ఓహో చెప్పేది తెలియాలంటే వాలో అతన్ని చూసి తీరాలి. అందుకే ఈ ఇద్దరూ సినిమా పొడవునా ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారు. సర్కస్‌లో బార్ మీద ఎగిరేవాడికి, అందుకునేవాడికి మధ్య ఉండే చూపు ఇదే. అక్కడ చూపు తప్పితే ఎముక విరుగుతుంది. పదిహేనేళ్ళ కిందటి ఆ అలవాటు ఇక్కడ స్నేహంగా, హాస్యంగా తెర మీదికి వచ్చింది. ఇద్దరు నటులను పెట్టి ఎన్ని నెలలు తర్ఫీదు ఇచ్చినా ఇంత సహజంగా రాదు. కాడి కట్టిన జోడెద్దుల్లా ఒకరి అడుగు ఇంకొకరికి ముందే తెలుసు.

ఊరి వీధుల్లో సైనికులు వాళ్ళను తరిమే ఘట్టం ఈ సినిమాకు గుండెకాయ. దాని దగ్గర కాసేపు ఆగాలి. ఇద్దరే ఇద్దరు, వెనక దండులు దండులుగా సైనికులు. గోడలు, మిద్దెలు, కిటికీ చువ్వలు, దుకాణాల ముందు కట్టిన గుడ్డ పందిళ్ళు, నిలబెట్టిన గుంజలు. ఊరంతా వాళ్ళకు సర్కస్ డేరాలోని సామగ్రి అయిపోతుంది. చువ్వ కనిపిస్తే పట్టుకుని తిరుగుతారు. గోడ కనిపిస్తే ఒకడు వంగితే రెండోవాడు అతని మీదుగా ఎక్కుతాడు, ఎక్కినవాడు కింది వాణ్ణి లాగుతాడు. పిల్లిమొగ్గలు వేస్తూ మెట్లు దిగుతారు. దెబ్బలాట తక్కువ, తప్పించుకోవడం ఎక్కువ. సైనికులు చెడ్డవాళ్ళనే సంగతి కూడా మనం మరిచిపోతాం; ఆ ఆటలో వాళ్ళు లేకపోతే రక్తి కట్టదు గనక వాళ్ళూ కావాలనిపిస్తుంది.

ఇందులో గమనించాల్సింది కెమెరా ఎక్కడ నిలబడింది అన్నది. దాదాపు ప్రతి ముఖ్యమైన కదలికకూ అది వెనక్కి జరిగి, తల నుంచి పాదం దాకా మొత్తం మనిషిని చూపిస్తుంది. బయల్దేరిన చోటు, చేరిన చోటు రెండూ ఒకే చట్రంలో ఉంటాయి. ఈనాటి పోరాట దృశ్యాల్లో ఒక దూకుడును ఐదారు ముక్కలు చేసి చూపిస్తారు. కాలు, చెయ్యి, ముఖం, మళ్ళీ కాలు. అక్కడ దూకింది నటుడు కాదు, ఎడిటర్. ఇక్కడ దూకింది దూకినవాడే. ఈ చిత్రానికి కూర్పు చేసిన జాక్ హారిస్ సామాన్యుడు కాడు; డేవిడ్ లీన్ తీసిన 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్', 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' సినిమాలకు కత్తెర పట్టినవాడు. అంత నేర్పున్నవాడు ఈ వీధి ఘట్టంలో ఎక్కడ కత్తెర వేయకూడదో తెలుసుకుని ఆగాడు. నాకు ఆ ఆగడంలోనే ఆయన పనితనం ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రతి విన్యాసమూ లాంకాస్టరే చేశాడని నేను అనను. 'ది ఫ్లేమ్ అండ్ ది ఆరో' విడుదలప్పుడు, అతని సాహసాలు అతను చేయలేదని రుజువు చేస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని వార్నర్ బ్రదర్స్ చాటింపు వేసింది. ఆ చాటింపు వ్యాపారం కోసం. తెర మీద కనిపించే రుజువు వేరు: ముఖం స్పష్టంగా కనిపిస్తూనే ఒళ్ళు గాల్లో ఉన్న క్షణాలు ఈ చిత్రంలో లెక్కకు మించి ఉన్నాయి. వాటికి చాటింపు అక్కర్లేదు.

తాడు ఊపు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా అందమంతా దాని మీద నడుస్తుంది. తాడు ఒక కొస నుంచి రెండో కొసకు ఊగడానికి పట్టే సమయం దాని పొడవును బట్టి ఉంటుంది, వేలాడే మనిషి బరువుతో దానికి సంబంధం లేదు. పది మీటర్ల తాడు అయితే సుమారు 3 సెకన్లు. ఆరడుగులు దాటిన లాంకాస్టర్ ఊగినా అంతే, క్రవాట్ ఊగినా అంతే. ఆకారంలో పొంతన లేని ఇద్దరూ సమానమైన తాళ్ళ మీద ఒకే తాళంలో సాగుతారు. ఆ 3 సెకన్లను ఎవరూ తొందరపెట్టలేరు. ఊపు అడుగున ఉన్నప్పుడు వేగం అత్యధికం, కొసకు చేరేసరికి సున్నా. రానివాడు వేగం మీద ఉండగానే తాడు వదిలి తూలిపడతాడు. వచ్చినవాడు కొస దాకా ఓపిక పట్టి, వేగం చచ్చిన ఆ క్షణంలో పాదం మోపుతాడు. చప్పుడు రాదు, ఒళ్ళు ఊగదు. లాంకాస్టర్ దిగడం చూడండి. నిలదొక్కుకోవడానికి అదనపు అడుగు వేయడు. మెట్టు దిగినంత మామూలుగా దిగి, వెంటనే మాట అందుకుంటాడు. ఊపిరి ఎగపోయదు. నవ్వు చెదరదు. కష్టం తెలియనివ్వకపోవడం సర్కస్ నేర్పిన మర్యాద. అతను దాన్ని సినిమాకు తెచ్చి, నటనలో భాగం చేశాడు.

హాస్యం ఇక్కడ పుట్టే తీరే వేరు. బాబ్ హోప్ నటించిన 'ది ప్రిన్సెస్ అండ్ ది పైరేట్' 1944లో వచ్చింది. 'ది క్రిమ్సన్ పైరేట్' వచ్చిన ఏడాదే అబాట్, కాస్టెల్లో జంట కెప్టెన్ కిడ్ మీద సినిమా చేసింది. వాటిలో నవ్వు పిరికితనంలోంచి వస్తుంది: చేతకానివాడు దొంగల మధ్య చిక్కుకుంటాడు, వణుకుతాడు, మనం నవ్వుతాం. వాలో, ఓహోల దగ్గర చేతకానితనమే లేదు. అవసరానికి మించిన చేవ ఉంది. తలుపు తీసుకుని వెళ్ళగలిగిన చోట కిటికీ ఎక్కి, పందిరి మీద దూకి, గుంజ పట్టుకుని జారి వెళ్తారు. ఆ మిగులు శక్తే నవ్వు తెప్పిస్తుంది. మూకీల కాలంలో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తెచ్చిన సంతోషం ఇది. 1926 నాటి 'ది బ్లాక్ పైరేట్'లో ఆయన తెరచాపలో కత్తి దిగ్గొట్టి, అది చీలుతుంటే దాని వెంట కిందికి జారిన దృశ్యం తెలిసినవాళ్ళకు వాలో ఎవరి వారసుడో చెప్పక్కర్లేదు. మధ్యలో ఎరల్ ఫ్లిన్ 'కెప్టెన్ బ్లడ్', 'ది సీ హాక్' చిత్రాలతో ఈ కోవకు వీరత్వమూ శృంగారమూ తెచ్చాడు. అవి నాకూ ఇష్టమే. కాని వాటిలో మనిషి ఒంటికి ఇంత స్వేచ్ఛ లేదు.

ఇలాంటి సినిమాకు సియోడ్మాక్ దర్శకుడు కావడం చూస్తే ముందు ఆశ్చర్యం వేస్తుంది. 1933లో నాజీల రాకతో జర్మనీ వదిలి, ఫ్రాన్స్ మీదుగా హాలీవుడ్ చేరినవాడు. 'ఫాంటమ్ లేడీ', 'ది స్పైరల్ స్టెయిర్‌కేస్', 'ది కిల్లర్స్', 'క్రిస్ క్రాస్' వంటి నలుపు తెలుపు నేరచిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. వాటిలో సగం తెర నీడే. మెట్ల కింద ఏముందో, తలుపు వెనక ఎవరున్నారో తెలియనివ్వకపోవడం ఆయన విద్య. అలాంటివాడు నీడ ఛాయలే లేని ఎండలోకి వచ్చాడు. అయితే ఆయన తొలి అడుగులు గుర్తుచేసుకుంటే ఆశ్చర్యం తగ్గుతుంది. 1930లో బెర్లిన్‌లో ఇతరులతో కలిసి తీసిన 'పీపుల్ ఆన్ సండే' ఆరుబయట ఎండలో, వృత్తి నటులు కాని మామూలు మనుషులతో తీసింది. మనుషులు నిజంగా చేసే పనిని వెలుగులో చూపించడం ఆయనకు నేరచిత్రాలకన్నా ముందే తెలుసు.

వెలుగు ఈ సినిమాలో ఊరికే అందం కోసం లేదు. నీడలో దేన్నయినా దాచొచ్చు: తీగను, అడ్డుపెట్టిన పరుపును, నటుడి బదులు దూకిన మనిషిని. నడిమధ్యాహ్నం ఎండలో దాచడానికి చోటుండదు. ఇటలీలో నేపుల్స్ అఖాతంలో ఉన్న ఇస్కియా దీవి దగ్గర బయటి దృశ్యాలు తీశారు, లోపలివి లండన్ దగ్గర టెడింగ్టన్ స్టూడియోలో. ఛాయాగ్రాహకుడు ఓటో హెల్లర్ ప్రాగ్ నగరంవాడు. తర్వాత 'ది లేడీకిల్లర్స్', 'పీపింగ్ టామ్' తీశాడు. అప్పటి టెక్నికలర్ కెమెరా లోపల గాజు పట్టకం వెలుగును విడదీసి మూడు ఫిల్ముల మీదికి పంపేది. పంచుకోవాలి గనక దానికి వెలుగు చాలా కావాలి, కెమెరా కూడా మోయలేనంత బరువు. మధ్యధరా సముద్రపు ఎండ ఆ ఆకలి తీర్చింది. ఎరుపు, నీలం, లాంకాస్టర్ జుట్టులోని బంగారు రంగు ముద్దగా, నిండుగా కనిపిస్తాయి. బరువైన కెమెరా ఎక్కువగా కదలదు గనక నటులే కదలాలి. వీళ్ళకు కావలసింది సరిగ్గా అదే.

స్క్రిప్టు మొదట ఇలా లేదు. ఇందులో చిన్న వేషం వేసిన క్రిస్టఫర్ లీ, స్క్రిప్టు మొదట గంభీరమైనదనీ, సియోడ్మాక్ దాన్ని రెండు రోజుల్లో హాస్యం వైపు తిప్పేశాడనీ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తెర మీద రచయితగా కనిపించే పేరు రోలాండ్ కిబ్బీ. అంతకుముందు దాని మీద పనిచేసిన వాల్డో సాల్ట్ పేరు తెర మీద లేదు. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులవి. సాల్ట్ పేరు నిషేధపు జాబితాకెక్కింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు 'మిడ్‌నైట్ కౌబాయ్' రాసి ఆస్కార్ అందుకున్నది ఈ సాల్టే. ఈ సంగతి తెలిశాక సినిమాలోని తిరుగుబాటు కథను వేరే కంటితో చూస్తాం. జనం తమకు దొరికినవన్నీ ఆయుధాలు చేసుకుని బారన్ మీద పడే చివరి ఘట్టంలో ఆ మొదటి రూపం తాలూకు వేడి ఇంకా మిగిలి ఉందని నా నమ్మకం. గంభీరమైన అస్థిపంజరం మీద హాస్యం కట్టారు గనకే సినిమా తేలిపోలేదు.

ఇక నమ్మకూడని సగం. వాలో, ఓహో, ప్రొఫెసర్ ప్రుడెన్స్ అనే శాస్త్రవేత్త, ముగ్గురినీ తిరగబడ్డ దొంగలు గొలుసులతో ఒక చిన్న పడవలో పడేసి సముద్రం మీదికి తోసేస్తారు. ప్రొఫెసర్‌గా జేమ్స్ హేటర్. అదే ఏడాది 'ది పిక్‌విక్ పేపర్స్'లో పిక్‌విక్‌గా కూడా కనిపించాడు, గుండ్రటి ముఖం, చెదరని మంచితనం. పడవను బోర్లించండి, లోపల గాలి చిక్కుకుంటుంది, దాన్ని నెత్తిన పెట్టుకుని సముద్రం అడుగున నడుద్దాం అన్నది ఉపాయం. నడుస్తారు. నీళ్ళ కింద ముగ్గురూ పడవ మోసుకుంటూ ఒడ్డుకు పోతుంటారు.

సూత్రం నిజమే. మూత బోర్లించి నీళ్ళలో దించితే గాలి అందులోనే ఉంటుంది. 17వ శతాబ్దం చివర్లోనే ఎడ్మండ్ హేలీ దాని మీద మునిగే గంట తయారుచేశాడు. అబద్ధం లెక్కలో ఉంది. పడవలో ఒక ఘనమీటరు గాలి ఉందనుకుంటే అది టన్నుకు పైగా బరువును పైకి లేపుతుంది. ముగ్గురు మనుషులు, నాలుగు గొలుసులు దాన్ని అడుగున పట్టి ఉంచలేవు. ఈ లెక్క థియేటర్లో ఎవరికీ తట్టదు. ఎందుకంటే ఆ ఘట్టానికి వచ్చేసరికి వాలో, ఓహోల ఒళ్ళు ఎన్ని అసాధ్యాలు నిజంగా చేసిందో చూసి ఉన్నాం. పైగా నీళ్ళలోని ఆ నెమ్మది నడక, అంతసేపూ చూసిన పరుగుకు పూర్తిగా వ్యతిరేకం. అది మనల్ని అలాగే కూర్చోబెడుతుంది. అర్ధశతాబ్దం గడిచాక, 2003లో 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' మొదటి చిత్రంలో జాక్ స్పారో, విల్ టర్నర్ ఇదే నడక నడిచారు. ఈ కోవలో వచ్చిన అతి పెద్ద విజయం వాలోకు ఇలా నమస్కరించింది.

చివర్లో ప్రొఫెసర్ ఆయుధశాల తెరుస్తాడు. నైట్రోగ్లిజరిన్ సీసాలు, తుపాకులు బిగించిన కదిలే బండి, గాలి బుడగ. మాంట్‌గోల్ఫియర్ సోదరుల గాలి బుడగ 1783లో ఎగిరింది గనక అది ఆ శతాబ్దంలో ఉండొచ్చు. నైట్రోగ్లిజరిన్‌ను ఇటలీలో సోబ్రెరో తయారుచేసింది 1847లో. యుద్ధ ట్యాంకు దిగింది 1916లో. అంటే ప్రొఫెసర్ సంచిలో సగం అప్పటిది, సగం రాబోయే కాలానిది. పూర్తిగా అబద్ధమైతే పిల్లల ఆట అయ్యేది, పూర్తిగా నిజమైతే పాఠం అయ్యేది. ఈ పాళ్ళు పట్టుకోవడం తేలిక కాదు. ఆ యంత్రాలను పాల్ షెరిఫ్ కళాశాఖ కట్టిన తీరులో కూడా ఇది కనిపిస్తుంది. ఆ ఊళ్ళోని వడ్రంగి, కమ్మరి దొరికిన కొయ్యతో, ఇనుముతో చేసినట్టే ఉంటాయి.

మెచ్చుకోలు నిజమైనది కావాలంటే బలహీనమైన చోట్లు కూడా చెప్పాలి. మధ్యలో బేరసారాలు సాగే భాగం నీరసంగా ఉంటుంది. ఈవా బార్టోక్‌కు కాన్సువేలోగా అందంగా నిలబడటం, కోప్పడటం, మెత్తబడటం తప్ప పని లేదు. ప్రేమ ఎప్పుడు పుట్టిందో సినిమాకు కూడా పట్టలేదు. వాలో ఆమెను చూసే చూపులో ఓహోను చూసేటప్పటి చురుకు పావు వంతు లేదు. లెస్లీ బ్రాడ్లీ బారన్ చక్కగా చెడ్డవాడు, అంతకు మించి గుర్తుండడు. ఈ లోటును చాలావరకు పూడ్చినవాడు టోరిన్ థాచర్. మన బొంబాయిలో పుట్టిన బ్రిటిష్ నటుడు. వాలో ముఠాలో రెండోవాడు హంబుల్ బెలోస్‌గా వేశాడు. దోచుకోవాల్సిన చోట వాలో బేరాలు ఆడటం దొంగతనపు సంప్రదాయానికే మచ్చ అని అతని బాధ. ఆ బాధను థాచర్ పూర్తిగా నమ్మి పలికాడు. ద్రోహం చేసేటప్పుడు కూడా తానే ధర్మం పక్షాన ఉన్నట్టు ఉంటుంది అతని ముఖం. విలియం ఆల్విన్ సంగీతం కూడా ఈ గంభీరతనే పాటించింది. 'ఆడ్ మ్యాన్ అవుట్' వంటి విషాదానికి స్వరాలు కూర్చిన ఆయన, హాస్యం కదా అని వాద్యాలతో వెక్కిరింపులు చేయించలేదు. సాహసకథకు ఇవ్వాల్సిన నిండుతనం ఇచ్చి, నవ్వు సంగతి తెర మీదివాళ్ళకు వదిలేశాడు.

చిత్రీకరణ సాఫీగా సాగలేదు. సియోడ్మాక్‌కూ లాంకాస్టర్‌కూ పొసగలేదు. ఈ సినిమా తర్వాత సియోడ్మాక్ యూరప్‌కు వెళ్ళిపోయి అక్కడే పని చేసుకున్నాడు. ఈ కలయిక మళ్ళీ కుదరలేదు.

లాంకాస్టర్ మాత్రం తన పాత విద్యకు ఇంకోసారి తిరిగి వెళ్ళాడు, 1956లో కారల్ రీడ్ తీసిన 'ట్రపీజ్'తో. అందులో అతను దెబ్బతిని కుంటుతున్న సర్కస్ కళాకారుడు. అతి కష్టమైన మూడు పల్టీల విన్యాసం చుట్టూ కథ తిరుగుతుంది. కెమెరా పైకి చూస్తుంది, జనం ఊపిరి బిగబడతారు, సంగీతం ఆగుతుంది. బాగా తీసిన సినిమా, జనం కూడా విరగబడి చూశారు. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు ఓడదొంగ వైపే. 'ట్రపీజ్'లో ప్రతి దూకుడుకూ ముందు ఇది ఎంత కష్టమో మనకు చెప్తారు. ఇక్కడ ఎవరూ చెప్పరు. వాలో, ఓహో ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు దూకుతారు, మనం అది చూసి మెచ్చుకునేలోపే మూడో మిద్దె మీద ఉంటారు. ఈ చిత్రం చూడబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: వీధుల్లో ఆ తరుముడు వచ్చినప్పుడు, మొదటిసారి లాంకాస్టర్‌ను చూడండి, రెండోసారి ఆపి వెనక్కి వెళ్ళి క్రవాట్‌నే చూడండి. పెద్ద విన్యాసాలకు ముందు, ఆ పొట్టి మనిషి అర క్షణం ముందుగా సరైన చోటికి చేరి, కాళ్ళు ఎడం చేసి, చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు.